వాయవ్యం గోడకి బాయిలర్

పాత రాగి బాయిలర్ అడుగు కారడం మొదలైన రోజే కొత్తది కొనేశాను. ఎక్కడ పెట్టాలో ఆలోచించలేదు. కొత్తపేటలో మాది మూడు తరాల బట్టల కొట్టు. బేరం కుదిరిన సరుకుని కొట్లో వదిలేసి రావడం మా ఇంటా వంటా లేదు. కొబ్బరి డొక్కలు ఊరికే దొరికే చోట కరెంటుతో నీళ్ళు కాచుకోవడం అసలే లేదు. అలా నడుం ఎత్తు బాయిలర్ ఒకటి, పొగగొట్టంతో సహా, మా పెరట్లోకొచ్చి నిలబడింది.

పాతది వంటింటి పక్కన ఆగ్నేయం మూల ఉండేది. స్నానాలగది వాయవ్యంలో. మధ్యలో ఇరవై రెండు అడుగుల నడక. పోయిన వానాకాలం ఆ నడకలోనే, నాచు పట్టిన గచ్చు మీద, మరిగిన నీళ్ళ బకెట్టుతో అమ్మ జారింది. ఎడమ పాదం కాలింది. పుండు మానిందో లేదో మళ్ళీ బకెట్టు అందుకుంది. నేను తెస్తానంటే, నేను లేచేసరికే ఆవిడ స్నానం అయిపోయేది. అందుకని ఈసారి గట్టిగా అనుకున్నాను: ఇక ఈ ఇంట్లో ఆవిడ వేడినీళ్ళు మోయకూడదు. బాయిలర్ స్నానాలగది గోడ వెనకే ఉండాలి, కుళాయి గోడలోంచి లోపలికి రావాలి.

ఆ మాట తిన్నగా చెబితే నేను కొట్టువాళ్ళ పిల్లాణ్ణెలా అవుతాను? నచ్చిన చీరని పక్కకి తోసేసి అక్కర్లేనిదాన్ని బేరమాడే వాళ్ళని చూస్తూ పెరిగాను. దిమ్మ కట్టడానికి ఆలమూరు నుంచి మేస్త్రి వస్తే, ముందే వీధిలో ఆపి ఏమనాలో నేర్పి తీసుకొచ్చాను. గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మకి వినపడేలా అడిగాను.

"ఆగ్నేయంలోనే పెట్టేద్దామండీ. కాకపోతే అక్కడ గచ్చు గుల్లబారినట్టుంది. బరువు ఆగుతుందంటారా?"

ఆగదు అనాల్సిన మనిషి మడమతో రెండుసార్లు తట్టి చూశాడు.

"ఏనుగునెక్కించినా ఆగుద్దండి. ఇది మా నాన్నగారు చేసిన గచ్చండి."

అమ్మ తలెత్తకుండానే నవ్వింది. "ఏరా, నా దగ్గరా కొట్టు వేషాలు? మీ నాన్నవే నలభై ఏళ్ళు చూసేను. నీకేం కావాలో చెప్పు."

"స్నానాలగది గోడకి పెడదామమ్మా."

"నిప్పు ఆగ్నేయంలో ఉండాలి."

"పోనీ పది అడుగులు ఇటు జరుపుతాను. పన్నెండే నడుస్తావు."

అలవాటుకొద్దీ సగానికి దిగిపోయాను. ఇది చీర కాదని నోరు జారాక గుర్తొచ్చింది.

"కాదమ్మా. ఒక్క అడుగు కూడా వద్దు. నీళ్ళు నువ్వు మోయవు, అంతే."

ఆవిడ ఇంకో నాలుగు కాయలు తుంచింది.

"సరే, నీళ్ళు మోయను. డొక్కలెవరు మోస్తారు? డొక్కల పాక వంటింటి పక్కనుంది. వానలో అక్కణ్ణించి తెచ్చేసరికి తడిసి ఊరుకుంటాయి. తడిసిన డొక్కకి పొగే గాని మంట రాదు. ఆగ్నేయమంటే నువ్వు నోరు మూసుకుంటావని అన్నానురా."

మేస్త్రి "ఆయ్, నిజమేనండి" అన్నాడు, అడక్కుండానే.

నీళ్ళు నడిచే దూరం కొలిచాను గాని డొక్కలు నడిచే దూరం కొలవలేదు. కాగిన నీళ్ళు పోసుకోవడమే తప్ప కాచిన మొహమైతే కదా నాది.

"పాక కూడా అటే జరుపుతాను."

"ఎవరిచేత?"

"నేనే. ముందు పాక, తర్వాతే బాయిలర్."

మూడు రోజులు పట్టింది. తాటాకు కప్పు మేస్త్రి సర్దాడు, ఆ తర్వాత స్నానాలగది గోడ వెనక దిమ్మ కట్టి కుళాయికి చిల్లు కొట్టాడు. డొక్కలన్నీ నేనే మోశాను, రెండు జెర్రులతో సహా. అమ్మ నా వెనకే వచ్చి, బోర్లా పేర్చినవి తీయించి వెల్లకిలా పేర్పించింది.

నాలుగో రోజు పొద్దున్నే లేచి అంటించాను. అమ్మ వట్టి చేతులతో స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి చూసింది.

"ఎత్తయింది. ధార సన్నంగా వస్తంది. చిల్లు వంకరగా కొట్టేరు."

మెచ్చుకునేవాళ్ళు చీర మడతపెట్టి లేచిపోతారని, వంకలు పెట్టేవాళ్ళకి సంచి సిద్ధం చేయమని నాన్న చెప్పేవారు. లోపల గడియ పడింది. పాకలోంచి పొడి డొక్కలు ఇంకో రెండు తెచ్చి మంటలో వేశాను.