ఏం కాదన్న డాక్టర్లు

నా భర్త ఛాతీలో నొప్పి అన్నప్పుడు, చూసిన డాక్టరు అది గ్యాసని, ఏం కాదని చెప్పి పంపించాడు. మర్నాటికి ఆయన లేడు. ఇది నిరుటి మాట. అప్పటి నుంచి ‘ఏం కాదు’ అని ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది.

మా పాపకు ఆరేళ్లు. ఈ చలికాలమంతా దగ్గుతూనే ఉంది. బడి నుంచి నడిచి వచ్చేసరికి ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడేది. మా సిరొంచలో పిల్లల డాక్టరు రోజూ దొరకడు. గురువారం ఒకాయన వచ్చి మందుల దుకాణం వెనక గదిలో కూర్చుంటాడు. ముందురోజే పేరు రాయించాలి. మూడు గురువారాలు రాయించాను. మొదటిసారి ఆయన రాలేదు. రెండోసారి ఆయన బదులు ఇంకొకాయన వచ్చి ఒక సీసా రాశాడు. మూడోసారి ఆయనే వచ్చి, గౌను పైనుంచే స్టెతస్కోప్ ఆనించి, పాత సీసా ఏమిటని అడగకుండానే కొత్తది రాశాడు. ఇద్దరూ ఏం కాదనే అన్నారు.

దుకాణం పెద్దమనిషి చీటీ అందుకుంటూ, "పరేషాన్ గాకు అక్కా. పోరగాండ్లు దగ్గకుంట ఉంటరా?" అన్నాడు.

"దగ్గాలె భాయ్. నీ దుకాణం నడవాలె గద," అన్నాను.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అహేరి పోయాను. అక్కడి డాక్టరు అదే మాట మరాఠీలో, "కాహీ నాహీ" అన్నాడు. జిల్లా పట్నం గడ్చిరోలి తీసుకుపొమ్మని చెప్పని వాళ్లు లేరు. ఆయాసపడే పిల్లను అంత దూరం బస్సులో కుదిపి, మళ్లీ అదే మాట వినే ఓపిక నాకు లేదు.

చివరికి నది మీది వంతెనతో రాష్ట్రమే దాటి, రెండు బస్సులు మారి భూపాలపల్లి చేరాం. టీకాల కార్డు మరాఠీలో ఉందని కాంపౌండరు విసుక్కున్నాడు. నేనే చదివి చెప్పాను. లోపల ఉన్నది నడివయసు డాక్టరమ్మ.

"ఇంట్ల ఎవరికన్న దమ్ము, ఆయాసం ఉండెనా? నాయినకు?"

"ఆయనకు లేకుండె. నిరుడు పోయిండు."

ఆమె తల ఊపి, పాపను వరండాలో రెండుసార్లు ఉరికించమంది. రొప్పుతూ వచ్చిన పిల్ల గౌను పైకెత్తి, వీపు మీద చాలాసేపు విన్నది.

"నాకు ఇప్పుడే తెల్వదమ్మా. దమ్మేమోనని అనుమానం. పదిహేను దినాలు దగ్గు ఎప్పుడొస్తుందో, ఏం జేస్తుంటే వస్తుందో రాసి పట్టుకరా. ఈ నడుమ ఊపిరాడక డొక్కలెగరేస్తే నాకోసం ఆగకు. ఏది దగ్గరుంటే ఆ దవాఖానకు ఉరుకు."

ఇంటికి రాగానే మా అత్త అడిగింది. "ఏమన్నది?"

"ఇంక తెల్వదన్నది. దగ్గు ఎప్పుడెప్పుడొస్తుందో రాయమన్నది."

"తెల్వదని చెప్పించుకోను గంత దూరం పోయినవా పిల్లా? ఈడ ముగ్గురు తెలుసని చెప్పిరి గద."

"మీ కొడుకును చూసినాయన గూడ తెలుసనే చెప్పిండు అత్తమ్మా."

 పొద్దున చల్లనీళ్లతో ముఖం కడుక్కునేటప్పుడు కూడా పాప దగ్గిందని ఆమె చెప్పింది. రాసుకున్నాను.