బాపు చదివిన భయం

సినిమాల కింద తెలుగు అక్షరాలు వేయడం నా పని. వేరే భాషల సినిమాలు ఓటీటీలో చూస్తున్నప్పుడు తెర అడుగున కనిపించే మాటలను నాలాంటివాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని రాస్తారు. సూరత్‌లో, బమ్రోలిలోని మా రెండు గదుల ఇంట్లో, కిటికీ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని పొద్దంతా రాస్తాను. మొదట్లో ప్రేమకథలు, వంటల కార్యక్రమాలు వచ్చేవి. రాను రాను అన్నీ భయం సినిమాలే. వాటిలో దయ్యాలుండవు. మనిషి బుర్రలోనే ఏదో పట్టు తప్పి, తన ఇంటిని, తన మనుషులను తానే నమ్మలేకపోయే కథలు.

"చూసేవాళ్ళు ఇవే అడుగుతున్నారమ్మా," అనేది హైదరాబాద్ నుంచి పని పంపే ఆవిడ. "దయ్యం వస్తే నవ్వుతున్నారట. పక్కన కూర్చున్న మనిషిని చూసి భయపడాలట. ఇంకోటి ఉంది, చేస్తావా?"

చేస్తానన్నాను. అలా వచ్చిందే ఆ సినిమా. ఓ ముసలాయన, ఆయన కూతురు ఒకే ఇంట్లో ఉంటారు. ఆయనకు గోడలోంచి ఒక గొంతు వినిపిస్తుంటుంది. ఇంకెవరికీ వినపడదు. మెల్లగా ఆయన కూతురినే అనుమానించడం మొదలుపెడతాడు. సినిమా బయటికి పొక్కకూడదని దాన్ని ముక్కలు ముక్కలుగా పంపేవాళ్ళు. ఒక ముక్క పూర్తిచేస్తేనే తర్వాతిది వచ్చేది.

అదే రోజుల్లో మా నాన్న, బాపు, పని పోయి ఇంటి పట్టున ఉండడం మొదలైంది. నేను పుట్టకముందు సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, ఇన్నేళ్ళూ పవర్‌లూమ్‌లు నడిపాడు. ఆ మోతకు చెవులు కొంచెం కొంచెంగా పోయాయి. మగ్గం చప్పుడులో తేడా వస్తే పసిగట్టలేకపోతున్నాడని కార్ఖానావాళ్ళు ఇంటికి పంపేశారు. అమ్మ పక్కనే ఉన్న పాండేసరలో చీరలు మడతపెట్టే పనికి పోయేది. పగలంతా ఇంట్లో నేనూ బాపే. అమ్మ సాయంత్రం తెచ్చిన చీరలకు వేలాడే దారాలు కత్తిరించడం బాపు పెట్టుకున్న పని.

ఒక మధ్యాహ్నం తల తిప్పి చూస్తే బాపు గోడకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. కదలడం లేదు. నా ముందున్న తెర మీద ఆ ముసలాయన కూడా అచ్చం అలాగే నిలబడ్డాడు. హెడ్‌ఫోన్ తీసి "బాపూ!" అని అరిచాను. ఆయన ఉలిక్కిపడి, ఏమీ ఎరగనట్టు పోయి కూర్చున్నాడు.

తర్వాత అది తరచుగా జరిగింది. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలోనే ఆపి తలెత్తేవాడు. ఎవరో పిలిచినట్టు లేచి తలుపు దాకా పోయి, ఖాళీ మెట్లను చూసి తిరిగొచ్చేవాడు. అమ్మతో చెప్పాను.

"గా సిన్మాలు సూసి సూసి నీకే బుగులు వట్టింది," అంది అమ్మ. "నేనున్నప్పుడు మంచిగనే ఉంటుండు గద. జర గా పని బంద్ జెయ్యి."

అమ్మ ఉన్నప్పుడు ఆయన నిజంగానే మామూలుగా ఉండేవాడు. దాంతో నా కళ్ళ మీదే నాకు అనుమానం మొదలైంది. నిజంగా చూశానా, లేక రాసిన సినిమా ఇంట్లో కనిపిస్తోందా? కుర్చీని గోడకు ఆనించి, గదంతా కనిపించేలా తిప్పుకుందామంటే అటువైపు కరెంటు ప్లగ్గు లేదు. బాపుకు వీపు పెట్టే కూర్చోవాల్సి వచ్చేది. చెవులు మూసుకుపోయి, వెనక ఏం జరుగుతోందో తెలియకుండా గంటలకొద్దీ రాసేదాన్ని. కన్నతండ్రికి భయపడుతున్నానని ఎవరితో చెప్పుకోను?

ఒకరోజు ఆ సినిమాలో గొంతు గుసగుసలాడే చోట మాటలు అందక వెనక్కి తిప్పి తిప్పి వింటున్నాను. మెడ దగ్గర హెడ్‌ఫోన్ తీగ కదిలినట్టనిపించింది. తిరిగి చూశాను. బాపు నా వెనకే నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో నా తీగ. ఇంకో చేతిలో దారాలు కత్తిరించే కత్తెర.

కుర్చీ పడిపోయేలా లేచి గోడకు అంటుకుపోయాను. నా ముఖం చూసి బాపు ముఖం పాలిపోయింది. చేతిలో కత్తెర ఉందన్న సంగతి ఆయనకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది. దాన్ని మెల్లగా కింద పెట్టి, రెండు చేతులూ ఖాళీగా చూపించాడు.

"బుగులు వడకు బిడ్డా. గీ తీగెలకెంచి వస్తుందా అని సూస్తున్న."

"ఏంది బాపూ? ఏం వస్తుంది?" అని గట్టిగా అడిగాను.

ఆయన నేల మీద కూర్చున్నాడు. "ఎవలో పిలుస్తున్రు. 'పోగు తెగింది, లే' అంటున్రు. ఒక్కోపారి ఆడామె పాట వాడుతది. గోడకెంచి వస్తది. చెప్తె నన్ను పిచ్చోడంటరని చెప్పలే."

ఆయన తెర వైపు చూపించాడు.

"నువ్వు రాసేది ఎన్కనుంచి రోజు సదువుతున్న. గాయినకు గూడ గోడల వినవడ్తది గద. ఆఖరికి గాయినకు ఏమైతది బిడ్డా?"

సినిమాలో మాటలు వినలేని మనిషి, నేను వేసిన తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతూ, తనకేం కాబోతోందో తెలుసుకోవాలని ఇన్నాళ్ళూ నా వెనక నిలబడ్డాడు. నేనెంత భయపడ్డానో అంతకు ఎన్నో రెట్లు ఆయన ఒంటరిగా భయపడ్డాడు.

"ఆఖరి ముక్క ఇంక రాలే బాపూ," అన్నాను. అది నిజమే.

అమ్మకు అంతా చెప్పి, ముగ్గురం చెవుల డాక్టరు దగ్గరికి పోయాం. పరీక్షలు చేసి, ఆవిడ హిందీలో నిదానంగా వివరించింది. చెవికి బయటి శబ్దాలు అందకపోతే మెదడు ఊరుకోదట. తనకు అలవాటైన శబ్దాలనే తిప్పి తిప్పి వినిపిస్తుందట. చెవులు పోయినవాళ్ళలో కొందరికి పాటలు, కొందరికి పిలుపులు. పిచ్చి కాదంది. నేను ఆ మాటను బాపు చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాను. బయట కూర్చున్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. బాపు కళ్ళు తుడుచుకున్నాడు.

చెవి మిషన్ పెట్టిన రోజు మెట్ల మీదే ఆగిపోయాడు. పక్క సందులోని మగ్గాల మోత ఆయనను వణికించింది. "గింత మోతల బతికిన్నా నేను?" అన్నాడు.

ఆ తర్వాత ఆఖరి ముక్క వచ్చింది. ముందు నేనొక్కదాన్నే చూశాను. ముసలాయన కూతురి మీద చెయ్యి చేసుకుంటాడు. ఆయనను కట్టేసి తీసుకుపోతారు. బాపు చూస్తానని పట్టుబట్టాడు. వద్దన్నా వినలేదు. అక్షరాలు వేశాక పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను.

"గాయిన్ను ఒక్కలన్న చెవుల డాక్టర్ కాడికి తోల్కపోలేదు," అన్నాడు అయిపోయాక.

ఆ సినిమా బాగా ఆడుతోందనీ, జనం అలాంటివే ఇంకా కావాలంటున్నారనీ హైదరాబాద్ ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. ఒప్పుకున్నాను. నాకు తెలిసిన పని అదే. కాకపోతే పొడవాటి ప్లగ్గు తీగ కొనుక్కుని, కుర్చీని బాపుకు ఎదురుగా తిప్పుకున్నాను. పిలుపు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఒక్కోసారి దారాలు కత్తిరిస్తూ తలెత్తుతాడు. హెడ్‌ఫోన్ ఒక పక్కకు జరిపి ఆయన వైపు చూస్తాను. ఆ గొంతు మళ్ళీ పిలిచిందన్నట్టు తలూపుతాడు. లేవకుండా అక్కడే కూర్చుంటాడు.