గ్రహం కాదు, చుక్క

అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే రాళ్లలో ఒకటి మా గరిడేపల్లి పొలంలో పడితే, సెగలు కక్కుతున్నదాన్ని నేను ఈ చేతులతో ఎత్తుకున్నాను. మొన్న సూర్యాపేటలో మనుమరాలు ఫోనులో ఒక చిన్న గ్రహశకలం బొమ్మ చూపించింది. ఎలుకలు కొరికిన గెనుసుగడ్డలా ఉన్న దాన్ని చూడగానే ఎండిన వరికొయ్యల వాసన ముక్కుకు తగిలింది. సరే, సెగల మాట కొంచెం ఎక్కువైంది. అది వేసవి, ఆ మడిలో ఏ రాయిని ముట్టుకున్నా చేయి కాలేది. అది పడటం కూడా నేను చూడలేదు.

కోతలయ్యాక ఖాళీ మళ్లలో ముంజకాయల బండ్లు తోలుకుంటూ, చేతులకంటిన ముంజనీళ్లు లాగుకు తుడుచుకుంటూ తిరిగే రోజుల్లో, పిడికిలంత నల్లరాయి దొరికింది. ఎత్తితే ఇనుపగుండంత బరువు, పాత రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అంటుకుంది. కోదాడ నుంచి వచ్చే సైన్సు సారు దాన్ని చాలాసేపు తిప్పి చూసి, "గ్రహశకలం ముక్క కావచ్చురా. అదే అయితే, మనం నిలబడ్డ నేల కంటే ముందే పుట్టిందిది" అన్నారు. ఆ "కావచ్చు"ను నేను బడి దగ్గరే వదిలేశాను. జారితే ఆకాశానికి దెబ్బ తగులుతుందన్నట్టు, రాయిని రెండు చేతులా మోసుకొచ్చాను.

ఇంట్లో "గ్రహశకలం" అనగానే నాయనమ్మకు మొదటి సగమే వినిపించింది. పొద్దుటి నుంచి బర్రె పాలు చేపడం లేదు.

"గ్రహమా! ఇంట్లకు గ్రహాన్ని మోసుకొస్తవార? ఇగ బర్రె చేపుతదా? పో, కాలువల ఏసి రా!"

అప్పుడు నా తెలివి పనిచేసింది. "గ్రహం గాదే నాయినమ్మా, చుక్క. తాత చుక్కయిండని నువ్వే అంటివి గదా!"

నాయనమ్మ రాయిని కడిగి, పసుపు రాసి, వాకిటి గూట్లో పెట్టింది. మర్నాడు బర్రె చేపిందని రాయాలనిపిస్తోంది, చేపలేదు. అయినా రోజూ సాయంత్రం అక్కడ దీపం వెలిగేది. ఆ నల్లటి ఒంటి మీద ఇసుకంత మెరుపులు లేస్తుంటే, అది దాటి వచ్చిన చీకటినంతా తలచుకుని ఊపిరి బిగబట్టేవాణ్ని. వేలితో తాకడానికి కూడా ధైర్యం చాలేది కాదు.

ఇప్పుడా గూడు లేదు, ఆ మట్టిగోడా లేదు. ఇల్లు కూల్చినప్పుడు రాయి ఎవరి పునాదిలో కలిసిందో తెలియదు. ముంజకాయల బండి ఎట్లా ఉంటుందో మనుమరాలికి బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది.

ఇదంతా మిర్యాలగూడలో ఉన్న మా అక్కకు ఫోనులో చదివి వినిపించాను.

"నీ తెలివా? నువ్వు గడప మీద కూసొని ముక్కు చీదుకుంట ఏడుస్తున్నవ్. చుక్క అన్నది నాయినమ్మ, నువ్వు బువ్వ ముడుతలేవని. ఆమెకు ఆఖరిదాక అది గ్రహమే. భయపడుకుంటనే దీపం పెట్టేది, పిచ్చోడా!"