దేవుడమ్మ ఇంట్లో లేదు

నర్సీపట్నంలో పెదబొడ్డేపల్లి వైపు, రిటైర్డ్ టీచరు లలితాంబగారి ఇంటి వెనక గదిలో దేవుడమ్మ అద్దెకుంటోంది. యాభై దాటిన మనిషి. పొద్దున్నే జీడిపప్పు పొట్టు తీసే పనికి పోతుంది. సాయంత్రం వచ్చి అన్నం వండుకుని, లలితాంబగారి పక్కన కూర్చుని టీవీ సీరియల్లో అత్తగారిని తిడుతుంది. ఈమె పదేళ్ళకు పైగా తాళం వేసిన గేటు లోపల బతికిందంటే కొత్తవాళ్ళు నమ్మరు.

ఆమెది రోలుగుంట దగ్గర పల్లె. భర్త జోగులు తాటిచెట్టు మీంచి పడి చనిపోయేనాటికి ఆమెకు నలభై నిండలేదు. పిల్లలు లేరు. ఆ ఏడాది వానాకాలంలో ఆమెకు నిద్ర కరువైంది. జోగులు పిలుస్తున్నాడంటూ చెరకుతోటల్లో పడి తిరిగేది. తమ్ముడు సూరన్న ఎన్నిసార్లో వెతికి ఇంటికి తెచ్చాడు. చివరికి ఒకసారి పొరుగూరి కాలవలో మెడలోతు నీళ్ళలో నిలబడి కనిపించేసరికి హడలిపోయాడు. ఎవరో చెబితే, వేరే జిల్లాలో ఒక ట్రస్టువాళ్ళు నడిపే మానసిక చికిత్సాలయంలో చేర్పించాడు.

మందులు పనిచేశాయి. ఏడాది తిరక్కుండానే ఆమెకు నిద్ర పట్టింది. జోగులు పిలుపులు ఆగిపోయాయి. చిక్కు ఆ తరవాత వచ్చింది. నయమైన మనిషిని తీసుకెళ్ళాలంటే సొంతవాళ్ళు వచ్చి సంతకం పెట్టాలని అక్కడి నియమం. సూరన్న మొదట్లో ఒకసారి వచ్చాడు గానీ, ఆ రోజు మందు మత్తులో ఉన్న అక్క అతన్ని గుర్తుపట్టలేదు. ఇలాంటివి నయం కావని ఊళ్ళో నలుగురూ అన్నారు. అతను మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు ఫోన్ నంబరు కూడా మారిపోయింది.

దేవుడమ్మ అక్కడి వంటింట్లో కుదురుకుంది. వందమందికి సాంబారు కాచడం ఆమె పనైంది. అక్కడెవరూ ఆమెను కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. గేటు మాత్రం తీసేవారు కాదు. అడిగితే, మీవాళ్ళు వస్తే పంపుతాం అనేవారు. అడిగి అడిగి ఆమె ఊరుకుంది.

"ఆడనే సచ్చిపోతాననుకున్నాను," అంటుంది ఇప్పుడు, వంకాయలు తరుగుతూ. "ఏడుపు కూడా రానేదు. అలవాటైపోనాది."

అలా ఉండగా ఒక మధ్యాహ్నం జాతీయ మానవ హక్కుల కమిషన్ తరఫున కొందరు పరిశీలనకు వచ్చారు. ఇలాంటి చోట్ల లోపలున్నవాళ్ళు ఎలా బతుకుతున్నారో వెళ్ళి చూడడం కమిషన్ పనుల్లో ఒకటి. వాళ్ళలో తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు ఆఫీసుగదిలో వేసిన కుర్చీ వదిలేసి నేరుగా వంటింట్లోకి వచ్చారు. కంచం అడిగి పుచ్చుకుని రోగులతో పాటు కిందే కూర్చున్నారు. ఆవిడకు హిందీ తప్ప రాదు. ఆవిడ మాట తెలుగులోకి, తెలుగు మాట హిందీలోకి మార్చి చెప్పడానికి జిల్లా న్యాయసేవల సంస్థ నుంచి రోజారమణి అనే అమ్మాయి వెంట వచ్చింది. ఆ పిల్లది నర్సీపట్నం దగ్గర నాతవరం.

సాంబారు ఎవరు చేశారని ఆవిడ అడిగారు.

"నాను వొండినానమ్మా," అంది దేవుడమ్మ.

ఆ యాస చెవిన పడగానే రోజారమణి తలెత్తి చూసింది. "మీదే ఊరండీ?"

"రోలుగుంట అవతల."

ఎన్నాళ్ళుగా ఇక్కడ ఉన్నారని, ఒంట్లో ఎలా ఉందని పెద్దావిడ అడిగించారు.

"ఎన్నాళ్ళో నెక్కెట్టడం మానేసినాను. ఒంట్లో బాగున్నాది. బాగున్నోల్లు ఇంటికెల్లాల గదమ్మా?"

రోజారమణి ఆ మాట హిందీలో చెప్పింది. పెద్దావిడ ముద్ద కంచంలో పెట్టేసి మేనేజరు వైపు తిరిగారు. కుటుంబం రాలేదని అతను నసిగాడు. "కుటుంబం రాకపోవడం జబ్బు కాదు," అన్నారావిడ. ఇంటివాళ్ళు రాలేదన్న ఒక్క కారణంతో నయమైనవాళ్ళను లోపల ఉంచకూడదని చట్టమే చెబుతోందని కూడా అన్నారు. గొంతు పెంచలేదు.

తరవాత కమిషన్ నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసు వెళ్ళింది. నయమై కూడా లోపల ఎంతమంది ఉన్నారు, ఎందుకున్నారు, నివేదిక పంపండి అని. డాక్టర్ల బృందం ఒకటి వచ్చి దేవుడమ్మతో చాలాసేపు మాట్లాడి, ఇంటికి పంపవచ్చని రాసింది. పోలీసులు సూరన్నను వెతికి పట్టుకున్నారు. అతను ఊళ్ళోనే, అదే ఇంట్లో, జీడితోట చూసుకుంటూ ఉన్నాడు.

గేటు దగ్గర అక్కను చూసి అతను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "అప్పా, నాను రానేదు," అన్నాడు. "బయమేసీసింది."

దేవుడమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "పొద్దున్న ఏటి తిన్నావు?" అని అడిగింది. ఏమీ తినలేదని తెలిసి, బస్సెక్కే ముందు రోడ్డు పక్కన ఇడ్లీ తినిపించమని, వాళ్ళను ఊరు చేర్చడానికి వచ్చిన రోజారమణికి చెప్పింది.

బస్సులో దేవుడమ్మ కిటికీ పక్క సీటు వదల్లేదు. "అమ్మా, ఆ కమిసనోల్లు పోలీసులా, జడ్జీలా?" అని అడిగింది.

"రెండూ కాదండీ," అంది రోజారమణి. "ఎవరినీ జైల్లో పెట్టలేరు. ఏమైంది, ఎందుకైంది అని అడుగుతారు. పిలిపించి విచారిస్తారు. ఇది చెయ్యండి అని సిఫార్సు చేస్తారు. జవాబొచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అడుగుతారు."

"ఆమాత్రం అడిగినోల్లే నేరు నాకు," అంది దేవుడమ్మ.

సూరన్న ఇంట్లో ఆమె పట్టుమని నెల ఉండలేదు. మరదలు బేబి చెడ్డది కాదు. వేడివేడిగా పెట్టేది, మాటా మంచిదే. కానీ దేవుడమ్మ వంటింట్లోకి రాగానే కత్తిపీట అటక మీదికి వెళ్ళిపోయేది. పిల్లల్ని ఆమె దగ్గర ఒంటరిగా వదిలేవారు కాదు. దేవుడమ్మ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఒకరోజు బేబికి తల దువ్వుతూ, "నాను నర్సీపట్నంలో ఉంటానే. పని సేసుకుంటాను. పండక్కి వొత్తాను," అంది. బేబికి మొహం చెల్లలేదు. సూరన్న వద్దన్నాడు గానీ గట్టిగా అనలేకపోయాడు.

గది వెతికింది రోజారమణే. లలితాంబగారి దగ్గర ఏదీ దాచలేదు. అంతా విని ఆవిడ దేవుడమ్మను ఎగాదిగా చూశారు.

"మందులు వేసుకుంటున్నావా?"

"ఏసుకుంటానండి. రోజుకొకటి. ఏరియా ఆసుపత్రిలో ఇత్తారు."

"నాకూ బీపీ మాత్ర ఉంది. మర్చిపోతుంటాను. ఇద్దరం కలిసి వేసుకుందాం. కుళాయి పొద్దున్నే వస్తుంది, ఆలస్యంగా లేస్తే నీళ్ళుండవు."

ఆ మాటతో దేవుడమ్మకు ఇల్లు దొరికింది. జీడిపప్పు పనిలో వరహాలక్ష్మి అని స్నేహితురాలు కూడా దొరికింది. మొదటి నెల జీతంతో దేవుడమ్మ ఒక గొళ్ళెం కొనుక్కుని తలుపుకి లోపలివైపు బిగించుకుంది. తన చేత్తో వేసుకుని, తన చేత్తో తీసుకోవడం ఎంత బాగుంటుందో లలితాంబగారికి చాలాసార్లు చెప్పింది.

సంవత్సరం గడిచాక, బయటికొచ్చినవాళ్ళు ఎలా ఉన్నారో చెప్పమని కమిషన్ మళ్ళీ అడిగింది. అందుకోసం జిల్లా ఆఫీసు నుంచి మత్స్యరాజు అనే ఉద్యోగి ఒక ఆదివారం లలితాంబగారి ఇంటికొచ్చాడు.

"దేవుడమ్మ ఇంట్లో లేదు," అన్నారావిడ.

అతను కంగారుపడ్డాడు. "ఎక్కడికెళ్ళిపోయిందండీ?"

"కార్తీకమాసం కదా నాయనా. వనభోజనాలని పనివాళ్ళంతా షేర్ ఆటోలో తాండవ డ్యామ్‌కి పోయారు. ఫోన్ చెయ్యి, ఎత్తుతుంది."

ఫోన్‌లో వెనక ఆడవాళ్ళ నవ్వులు వినబడుతున్నాయి. "ఇప్పుడు రానేనండి," అంది దేవుడమ్మ. "పులిహోర కలుపుతున్నాను. సేతులకి పసుపు. రేపు పనికెల్లకముందు రండి, బేగి రావాల."

మర్నాడతను పొద్దున్నే వచ్చాడు. ఆమె టీ ఇచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. నిన్నటి తిరుగుడుకు కాళ్ళు నొప్పులని చెప్పింది. ఆరోగ్యం, జీతం, ఆధార్ కార్డు, తమ్ముడి రాకపోకలు, అన్నీ అతను అడిగి తెలుసుకున్నాడు. చివర్లో, "ఇంకా ఏవైనా ఇబ్బందులున్నాయా అమ్మా?" అన్నాడు.

దేవుడమ్మ వీధి వైపు చెయ్యి చూపించింది. "మా సందులో లైటు ఎలగట్లేదు బాబూ. లలితాంబగారు సీకట్లో పడిపోతారని బయం. అది కమిసనోల్లకి సెప్పొచ్చా?"

అతను నవ్వాపుకున్నాడు. "దానికి ఢిల్లీ దాకా ఎందుకమ్మా. మున్సిపల్ ఆఫీసులో చెబితే చాలు."

"అదెక్కడుంటాదో సెప్పండి మరి."

అతను దారి చెప్పాడు. ఆమె టిఫిను క్యారేజీ సర్దుకుని, వీధి చివర నిలబడ్డ వరహాలక్ష్మిని కేకేసి, మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళొస్తానని, ఈ పూట పనికి కాస్త ఆలస్యమవుతుందని మేస్త్రీకి చెప్పమంది.