ఇంటర్వెల్ దాకా చెప్పిన సాక్ష్యం

అన్నయ్య జైల్లో ఉన్నాడని చల్లపల్లి దగ్గర మా ఊళ్లో ఎవరికీ తెలియదు. హనుమాన్ జంక్షన్‌లో లారీ క్లీనరుగా ఉండగా, డ్రైవరు బెదిరిస్తే ఎరువుల బస్తాలు దొంగతనంగా దించి దొరికిపోయాడు. “మిలట్రీలో చేరాడండి” అని అమ్మ అందరికీ చెప్పింది. నేనూ అదే చెప్పుకుంటూ తిరిగాను. డెబ్బై ఒకటి చివర్లో నిజంగానే యుద్ధం వచ్చిపడింది. ఇక చర్చిలో వారం వారం అన్నయ్య పేరున ప్రార్థనలు. ఆమెన్ అన్నప్పుడల్లా నాకు ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది.

మరుసటి వేసవిలో అన్నయ్య ఇంటికొచ్చాడు. పాస్టరుగారి సంబరం చూడాలి. “వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలయ్యా. దేవుడు నిన్ను యుద్ధంలో ఎట్టా కాపాడాడో అందరం వినాలి” అన్నారు. సాక్ష్యమంటే సంఘం ముందు నిలబడి తన బతుకులో జరిగింది చెప్పుకోవడం. మాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు నేనొక తెలివైన పని చేశాననుకున్నాను. బట్టలు కొనాలని చెప్పి అన్నయ్యను బెజవాడలో ఒక యుద్ధం సినిమాకు, మాట్నీకి లాక్కెళ్లాను. అందులో ఒక దొంగ, ఇంటర్వెల్ దాకా దొంగతనాలూ లాఠీ దెబ్బలూ జైలూ. సరిహద్దు దాటి శత్రువుల వంతెన పేల్చి వస్తే శిక్ష తీసేస్తామంటారు పోలీసులు. ఇష్టం లేకుండానే వెళ్తాడు. చివరికి దేశం కోసం తూటాలకు ఎదురెళ్తాడు. హాలంతా ఈలలే. అన్నయ్య మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేదు.

తిరుగు బస్సులో నా పాఠం మొదలైంది. “ఇంటర్వెల్ తర్వాతది చెప్పు అన్నయ్యా, చాలు. మనోళ్లలో ఎవరన్నా ఆ సినిమా చూసినా, చూశామని చర్చిలో లేచి చెప్పలేరుగా. సినిమాలు పాపమాయె!”

“మరి ముందరిది?”

“అది వదిలెయ్.”

ఆదివారం అన్నయ్య లేచి నిలబడ్డాడు. “నేను దొంగనండి” అన్నాడు.

మగవాళ్ల వైపు ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు గబుక్కున తలలు దించుకున్నారు. సినిమా చూసినవాళ్లే, సందేహం లేదు. బస్తాలు, డ్రైవరు, లాఠీ దెబ్బలు, జైలు, అన్నీ వరసగా చెప్పాడు. ఇప్పుడు సరిహద్దు వస్తుందని నేను ఆడవాళ్ల వైపు చాపను గోళ్లతో గీకుతూ కూర్చున్నాను. రాలేదు.

“ఇంతేనండి. నేను యుద్ధానికి ఎల్లలేదు. మీరు చేసిన ప్రార్థనలు నాకు చెందాల్సినయ్యి కావండి.”

పాస్టరుగారి ముఖం మాడిపోయింది. “మరి మిలట్రీ అని మాకు చెప్పిందెవరు?”

నా పక్కన అమ్మ లేచింది. “నేనండి అయ్యగారూ.”

“నువ్వొక్కదానివేనా అమ్మా?”

“నేనొక్కదాన్నేనండి.”

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లేవలేదు.