డబ్బాకు ఆయుధపూజ

మాది సత్యవేడు పక్క పల్లె. వేరుశనగ చేలు తప్ప ఇంకో లోకం ఎరగని ఇంట్లో నాకు తెరచాప పడవ పిచ్చి పట్టింది. చెన్నైలో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక స్నేహితుడితో కలిసి పాత పడవ కొన్నాను. సెలవులు దొరికితే తీరం వెంబడి తిరిగొచ్చేవాళ్ళం. "సేద్యగాడి కొడుక్కి సముద్రంతో ఏం పనప్పా" అని నాయన ఎగతాళి చేసేవాడు. అమ్మ మాత్రం, "నన్నూ ఒకసారి ఎక్కించుకో" అనేది.

ఎక్కించేలోపే పోయింది. అందుకే ఆమె అస్థికలను పడవలో తీసుకెళ్ళి సముద్రంలో కలిపాం. ఆ చోటును పడవలోని జీపీఎస్ డబ్బాలో గుర్తు పెట్టాను. అరచేతిలో ఇమిడే డబ్బా అది. దారి, లోతు, గాలివేగం, రేడియో అన్నీ దాంట్లోనే. ఇరుకు పడవలో వేరువేరు సామాన్లకు చోటెక్కడిది? ఒక్కటుంటే చాలని తెగ మురిసిపోయేవాణ్ణి. తెర మీది చుక్కను నాయన వేలితో తాకి, "ఈడుండాదా మీ అమ్మ?" అన్నాడు.

ఏడాది తద్దినానికి ఆ చోటికే వెళ్ళి నువ్వులూ నీళ్ళూ వదలాలని ఆయన పట్టు. దానికి కొన్నాళ్ళ ముందు ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు మడక, ట్రాక్టరు, కుట్టుమిషను, దేనికైనా బొట్టు పడాల్సిందే. పడవ దగ్గర నేను చుక్కానికి పూలు కట్టేలోపు నాయన డబ్బాను పసుపునీళ్ళతో కడిగి, గంధం, కుంకుమ పెట్టేశాడు. అమ్మ ఉన్న డబ్బా కదా, అన్నిటికంటే ముందు దానికే చేశాడు. చార్జింగు పెట్టే చోట మూత తెరిచి ఉంది. నీళ్ళు లోపలికి దిగి తెర ఆరిపోయింది. రిపేరు చేయిస్తే వెలిగింది గానీ, దాచిన గుర్తులేవీ మిగల్లేదు.

తద్దినం రోజు అంచనా మీద పడవ నడిపి, ఒకచోట తెరచాప దించాను. "సుమారుగా ఈడే నాయనా" అన్నాను. నా గొంతులో ఇంకా కోపం ఉంది.

ఆయన చుట్టూ చూశాడు. "ఆ పొద్దు గట్టు జూసి గురుతు పెట్టుకుందామనే అనుకుంటి. ఆమె నీళ్ళల్లో కలిసిపోతా ఉంటే ఇంక యాడ జూసేదప్పా?"

నా కోపం పోయింది. ఏడుపొచ్చింది.

నేను నువ్వులూ నీళ్ళూ వదిలాక ఆయనా దోసిలి పట్టి వదిలాడు. "ఇంకా రోంత ముందుకు పోనీ" అన్నాడు. పోనిచ్చాను. అక్కడా వదిలాడు. మళ్ళీ, "ఇంకా రోంత" అన్నాడు. నువ్వులు అయిపోయేదాకా ఆయన ఆ మాటే అంటూ ఉన్నాడు, నేను పడవ పోనిస్తూనే ఉన్నాను.