కల్లు తాగడానికి వచ్చిన ఎండుటాకు

ఒక సీతాకోకచిలుక నా ఉద్యోగానికి ఎలా ఎసరు పెట్టిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పొద్దుగూకే వేళ అడవి పక్కన కూర్చుని మాత్రం చదవకండి.

పంతొమ్మిది వందల యాభైలలో తాండూరు బడిలో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మా హెడ్మాస్టరుకు సీతాకోకచిలుకల పిచ్చి. పేరు కూడా ఎవరికీ సరిగా తెలియని ఒక రకం కోసం వికారాబాదు అడవిలో ఏళ్లుగా తిరుగుతున్నాడు.

"రెక్కలు మూస్తే ఎండుటాకే. పొద్దుగూకినంకనే లేస్తది. పులిసిన కల్లంటే పానం. గది దొరికిచ్చినవనుకో, నీ నౌకరి పక్కా జేపిస్త" అన్నాడు.

ఒక సాయంత్రం ఇద్దరం వెళ్లాం. ఆయన వల పట్టుకుని వాగు అవతలికి పోయాడు. చెట్టు మొదట్లో కల్లు పోయడం నా పని. మా ఇంట్లో, పోయినవాళ్లను పిలిచి నేల మీద కల్లు ధార వదిలే అలవాటు, సాక పోయడమంటారు. ఇక నా నోరు ఊరుకుంటుందా? కుండ వంచగానే, "వచ్చి తాగుండ్రి, సల్లంగ సూడుండ్రి" అనేసింది.

మేకలు తోలుకుపోతున్న మల్లయ్య ఆగిపోయాడు. "ఎవలకు పోసినవ్ సారూ సాక?"

"పురుగులకు."

"పురుగులను గట్ల పిలుస్తరా? పేరు వెట్టకుండ పిలిస్తె ఎవలన్న వస్తరు. వచ్చినోళ్లు పిల్చినోని ఎంటనే పోతరు."

"ఎక్కడికి?"

"ఇంటికి" అని, వెనక్కి చూడకుండా మేకలను అదిలించుకుంటూ పోయాడు.

గాలి లేదు. ఏ కొమ్మా కదలడం లేదు. నేను సైన్సు టీచరునని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పుడు నేల మీది ఎండుటాకు ఒకటి తనంతట తానే లేచి కల్లు తడి మీద వాలింది. దాని వెనకే ఇంకొకటి. ఆ రెండోది మెల్లగా తెరుచుకుంది. లోపల ఒక నల్లటి కన్ను నన్నే చూసి, మళ్లీ మూసుకుంది. చదివిన సైన్సంతా ఎటు పోయిందో తెలియదు. నిజంగానే భయపడ్డాను.

అంతలో చెవి వెనక గుసగుస. "కదలకు. నీ బుజం మీద కూసున్నది."

"ఎ... ఎవలు?"

"దీనికోసం ఎన్నేండ్ల సంది ఎదురుసూస్తున్న! జర గట్లనే ఉండు."

మెడ మీద చల్లటి చెయ్యి పడింది. నేను పెట్టిన కేక ధారూరు స్టేషన్లో దిగేవాళ్లకు కూడా వినపడే ఉంటుంది. అంగీ విప్పి నేలకేసి కొట్టి, కసిదీరా తొక్కి, "నేను పిల్వలే! మా ఇంటికి రాకు!" అని అరుస్తూ రోడ్డుదాకా ఉరికాను.

చాలాసేపటికి హెడ్మాస్టరు వచ్చాడు. వాగు నీళ్లకు ఇంకా తడిగా ఉన్న ఒక చేతిలో నా అంగీ, ఇంకో చేతిలో చిటికెడు గోధుమరంగు రెక్కల పొడి. ఆయన కళ్లలో నీళ్లు చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

"నీ నౌకరి పక్కా" అన్నాడు చివరికి.

"నిజమా సార్?"

"నిజమే. గని సైన్సు కాదు. రేపటి సంది పోరగాళ్లకు డ్రిల్లు చెప్పు. గింత మంచిగ ఉరికెటోన్ని నేనింక సూడలే."

ఆ అడవి సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక కల్లు కుండ వంచితే నోరు మూసుకునే వంచుతాను. వచ్చింది ఎవరో తిరిగి చూడకుండా, ప్రాణం పోయినా అంగీ విప్పను.